పాత ఓడని ముంచి డైవింగ్ స్పాట్ చేయమని మనం అడగాలా? విశాఖ వాళ్లు చెప్పండి

ఉప్పుగాలి (రుషికొండ)

అందరికీ నమస్కారం. రుషికొండలో స్కూబా నేర్పుతుంటాను, తొమ్మిదేళ్లయింది. ఇక్కడ ఓడలు కట్టినవాళ్లున్నారు, ఓడల మీద బతికినవాళ్లున్నారు, వేట తెలిసినవాళ్లున్నారు. అందుకే ఈ మాట మీ ముందు పెడుతున్నాను.

అమెరికాలో ఎస్‌ఎస్ యునైటెడ్ స్టేట్స్ అనే ప్రయాణికుల ఓడ సంగతి చాలామంది వినే ఉంటారు. 1952లో మొట్టమొదటి ప్రయాణంలోనే అట్లాంటిక్‌ని 3 రోజుల 10 గంటల 40 నిమిషాల్లో దాటి రికార్డు కొట్టింది. పొడవు దాదాపు 302 మీటర్లు. విమానాలొచ్చాక ఎక్కేవాళ్లు తగ్గి 1969 నవంబరులో ఆగిపోయింది. 1996 నుంచి ఫిలడెల్ఫియా రేవులో కట్టేసి ఉంచారు. దాన్ని కాపాడాలని ఒక సంఘం ఏళ్ల తరబడి కష్టపడింది. రేవు అద్దె గొడవ కోర్టుకెక్కి, 2024లో ఖాళీ చేయమని తీర్పొచ్చింది. చివరికి ఫ్లోరిడాలోని ఓకలూసా కౌంటీ కొనుక్కుంది. 2025 ఫిబ్రవరిలో టగ్గులు కట్టి అలబామాలోని మొబీల్‌కి లాక్కెళ్లారు. శుభ్రం చేసి సముద్రంలో ముంచి, ప్రపంచంలోకెల్లా పెద్ద కృత్రిమ రీఫ్ (చేపలు చేరే దిబ్బ) చేయాలని వాళ్ల ఉద్దేశం.

మన దేశంలోనూ ఆ దారి పడింది. 2024 జనవరిలో సేవ ముగించిన ఐఎన్‌ఎస్ గుల్దార్ అనే నేవీ ఓడని సింధుదుర్గ్ దగ్గర నీటి అడుగు మ్యూజియం చేయడానికి మహారాష్ట్ర పర్యాటక సంస్థకి అప్పగించారు.

మనది నౌకాదళం ఊరు. రేపు అలాంటి ఓడ ఒకటి మనకి ఇస్తామంటే అడగాలా, వద్దా? నా మాట ముందే చెప్పేస్తున్నాను: అడగాలి. నా దగ్గర నేర్చుకున్న పిల్లలు సర్టిఫికెట్ చేతికి రాగానే అండమాన్‌కి, పుదుచ్చేరికి పోతున్నారు. ఇక్కడ వాళ్లకి చూపించడానికి రాళ్లే ఉన్నాయి నా దగ్గర.

పాత రివెట్టు (గాజువాక)

షిప్‌యార్డులో 34 ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. వద్దు బాబూ.

1948 మార్చి 14న నెహ్రూ గారు మన షిప్‌యార్డులోనే జల ఉష అనే ఓడని నీళ్లలోకి దింపారు. మా నాన్న ఆ రోజు జనంలో నిలబడి చూశాడు, పోయేదాకా చెప్పుకున్నాడు. ఇవాళ ఆ ఓడని మా మనవడికి చూపిద్దామంటే ఫొటోలే గతి.

విరాట్ అనే విమానవాహక నౌక కథ ఇంకా దగ్గరిది. బ్రిటన్ నేవీలో 1959 నుంచి, మన నేవీలో 1987 నుంచి పనిచేసి 2017 మార్చి 6న రిటైరైంది. మ్యూజియం చేస్తాం మాకివ్వండని మన రాష్ట్రం కూడా అడిగింది. మహారాష్ట్ర 2018లో 852 కోట్లతో ప్లాను ఆమోదించింది. ఎవరి వల్లా కాలేదు. 38.54 కోట్లకి తుక్కు కింద అమ్మారు, 2020 సెప్టెంబరులో గుజరాత్‌లో ఓడలు విరగ్గొట్టే అలంగ్‌కి పోయింది.

మిగిలిందల్లా మన కురుసుర జలాంతర్గామి. 1969 డిసెంబరులో నేవీలో చేరింది. అంటే నువ్వు చెప్పిన ఆ అమెరికా ఓడ ఆగిన మరుసటి నెలలోనే! 2001 ఫిబ్రవరిలో రిటైరైంది, 2002లో బీచ్ రోడ్డు మీద నిలబెట్టారు. నీళ్లలోంచి ఇసక మీదకి లాగి కుదురుగా కూర్చోబెట్టేసరికి ఏడాదిన్నర పట్టింది. ఆ పని చూసినవాణ్ణి కాబట్టి చెప్తున్నాను, ఒడ్డెక్కించడం కష్టమే గానీ అయ్యే పనే. ముంచితే మాత్రం మళ్లీ పైకి తేలేవు.

బీచ్‌రోడ్ టీచర్ (పాండురంగాపురం)

నేను రివెట్టు గారి వైపే. ప్రతి ఏడాదీ మా ఏడో తరగతి పిల్లల్ని కురుసురకి తీసుకెళ్తాను. 91 మీటర్ల గొట్టంలో 75 మంది నెలల తరబడి ఎలా బతికారో పుస్తకంలో చెప్తే వాళ్లకి ఎక్కదు. గుండ్రటి ద్వారంలోంచి వంగి దూరి, ఆ వంటగది ఎంతుందో చూసి, మంచం మీద చెయ్యేసి చూశాక ఎక్కుతుంది. చూపించేది కూడా రిటైరైన నేవీ వాళ్లే. పోయినసారి ఒక పాప వాళ్లలో ఒకాయన్ని "తాతయ్యా, మీకు లోపల భయమెయ్యలేదా" అని అడిగితే, ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత "మొదటి రాత్రి వేసిందమ్మా" అన్నారు.

25 మీటర్ల లోతులో ఉన్న ఓడని ఈ పాప ఎప్పుడు చూస్తుంది? మా క్లాసులో 40 మందికి ఈతొచ్చినవాళ్లు ఐదుగురు.

పెన్సకోలా రాజు (ఫ్లోరిడా, సొంతూరు భీమిలి)

ఇక్కడ మాకు 38 కిలోమీటర్ల దూరంలో ఓరిస్కనీ ఉంది. విమానవాహక నౌక. 2006 మే 17న పేలుడు పదార్థాలు పెట్టి ముంచారు. 37 నిమిషాల్లో వెనక భాగం ముందు దిగి, చక్కగా నిటారుగా కూర్చుంది. దాని మీద నాలుగుసార్లు డైవ్ చేశాను. చెప్పాల్సినవి మంచీ చెడూ రెండూ ఉన్నాయి.

మంచి ఏమిటంటే, పైనున్న కంట్రోల్ టవర్ 25 మీటర్ల దగ్గర మొదలవుతుంది. చుట్టూ చేపలు మేఘం పట్టినట్టుంటాయి. మొదటిసారి దిగినప్పుడు నీలం నీళ్లలోంచి ఆ టవర్ మెల్లగా పైకి లేస్తున్నట్టు కనిపించింది. అది చెప్తే అర్థమయ్యేది కాదు.

ఇక విమానాలు దిగే డెక్ 41 మీటర్ల దగ్గరుండేది. 2008లో గుస్తావ్ తుపానుకి ఓడ అడుగున ఇసక జారి ఇంకో 3 మీటర్లు కిందికి దిగిపోయింది. మామూలు డైవర్లకి హద్దు 40 మీటర్లు. అంటే ఓడలో అసలైన భాగాన్ని చాలామంది చూడనే లేరు. శుభ్రం చేసి ముంచడానికి 2 కోట్ల డాలర్ల దాకా ఖర్చయింది. అంత చేసినా కేబుళ్ల పైతొడుగులో పీసీబీ అనే విష రసాయనం 300 కిలోలకు పైగా మిగిలిపోయింది, తియ్యడం కుదరక పర్యావరణ శాఖ అనుమతితో అలాగే ముంచారు. మొదటి ఏళ్లలో అక్కడ పట్టిన చేపల్లో అది హద్దుకి మించి కనిపించింది. తర్వాత తగ్గుతూ వచ్చింది.

ఫ్లోరిడాలోనే కీ లార్గో దగ్గర ముంచిన స్పీగల్ గ్రోవ్ అనే ఓడ కథ వేరు. 2002లో అనుకున్న వేళకన్నా ముందే మునిగి, తలకిందులై, ముక్కు నీళ్లపైకి తేలి నిలబడింది. పూర్తిగా ముంచేసరికి పక్కకి ఒరిగి పడుకుంది. మూడేళ్లకి డెన్నిస్ తుపానొచ్చి దాన్ని నిటారుగా కూర్చోబెట్టింది! అన్ని వేల టన్నుల ఇనుమునీ.

పెదజాలారిపేట కుర్రోడు

ఈ పోస్టులన్నీ మా అయ్యకి చదివి వినిపించేను. ఆయన అన్నమాట అన్నట్టే రాస్తున్నాను: "ముంచుతారు సరే. ఎక్కడ ముంచుతారో మనల్ని ఎవరైనా అడిగేరా?"

ఇప్పటిదాకా ఈ చర్చలో ఆ మాట లేదు. ఏమనుకోకండి.

సముద్రం మీకు పైనుంచి ఒకటే నీలంగా కనబడుద్ది. మా అయ్యకి అది వీధులున్న ఊరు. డాల్ఫిన్ నోస్ దీపస్తంభం ఇటు, కైలాసగిరి అటు, సింహాచలం కొండ వెనక పెట్టుకుని, ఏ రెండు గుర్తులు ఎక్కడ కలిస్తే కింద బురదో, ఎక్కడ కలిస్తే రాయో చెప్పీగలడు. జీపీఎస్ లేని రోజుల నుంచీ అంతే. రాయి దగ్గర గాలం వేస్తాం, వల వెయ్యం. వల వేసేమంటే చిరిగి పోద్ది. ఒక్క వల పోతే ఎంత అప్పో మీకు తెల్దు.

ఓడ ముంచితే అదొక కొత్త రాయి. మా ఫైబర్ తెప్పలోళ్లకి గాలం వేటకి పనికొస్తాదేమో. మరబోట్లోళ్లకి అడుగున ఈడ్చే ట్రాల్ వల చిక్కుకుంటాది. పైగా డైవింగ్ స్పాట్ అన్నాక "ఇటు రాకండి" అని బోర్డు పెడతారు కదా. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు ఎలాగూ వేట నిషేధం. నేవీ వాళ్ల హద్దులు వేరే ఉన్నాయి. ఓడరేవు దారి వేరే ఉంది. ఇంకెక్కడికి పోమంటారు?

ఉప్పుగాలి (రుషికొండ)

తమ్ముడూ, తప్పు నాదే. మొదటి పోస్టులోనే రాయాల్సింది. రాయలేదంటే నాకు తట్టలేదనే అర్థం. మీ నాన్నగారిని ఒకసారి కలవొచ్చా?

పెదజాలారిపేట కుర్రోడు

రండి అన్నా. సాయంత్రం నాలుగు దాటేక ఒడ్డునే ఉంటాడు, వల బాగు చేసుకుంటా.

అలల లెక్క (ఏయూ క్యాంపస్)

సముద్ర జీవశాస్త్రంలో పరిశోధన చేస్తున్నాను. నీళ్ల సంగతి కొంచెం చెప్పనివ్వండి, రాజు గారి ఫ్లోరిడా నీళ్లతో మనకి పోలిక కుదరదు.

అక్టోబరు, నవంబరుల్లో మన తీరం వెంట ప్రవాహం ఉత్తరం నుంచి దక్షిణానికి వస్తుంది. గంగ, బ్రహ్మపుత్ర, మహానదుల వరద నీళ్లు అందులో కలిసి వస్తాయి. అప్పుడు మన దగ్గర ఉప్పు తగ్గుతుంది, బురద పెరుగుతుంది. పైగా అవే తుపాను నెలలు. జనవరి దాటాక ప్రవాహం దిశ మారుతుంది, నీళ్లు తేటపడతాయి. అంటే డైవింగ్‌కి మంచి రోజులు ఏడాదిలో కొన్ని నెలలే. ఉప్పుగాలి గారికి ఇది నాకన్నా బాగా తెలుసు.

రెండో సంగతి ముఖ్యమైనది. ముంచిన ఓడ చేపల్ని పెంచుతుందా, చుట్టుపక్కల ఉన్నవాటిని ఒకచోట పోగేస్తుందా అన్నది మా శాస్త్రంలో తెగని వాదం. పిల్ల చేపలకి దాక్కునే చోటు దొరికి బతికితే పెంచినట్టు. దూరాన చెదిరి ఉన్నవి ఓడ చుట్టూ చేరితే పోగేసినట్టు. పోగేయడమే జరిగితే, నాలుగు బోట్లు వెళ్లి ఉన్నవన్నీ ఊడ్చుకొస్తాయి. ఓడ ముంచాలంటే అక్కడ ఎవరు ఎలా పట్టాలన్నది ముందే రాసుకోవాలి. లేకపోతే చేపలకి మనమే ఉచ్చు కట్టినట్టు.

ఫ్లోరిడాలోనే 1970లలో రీఫ్ చేస్తామని 20 లక్షల దాకా పాత టైర్లని కట్టలు కట్టి సముద్రంలో పడేశారు. కట్లు తెగి టైర్లు కొట్టుకుపోయి పక్కనున్న నిజమైన పగడాల్ని గీకేశాయి. ఇప్పటికీ ఏరుతూనే ఉన్నారు. ఆనాడు అదీ మంచి ఉద్దేశంతోనే చేశారు.

ఓడే కావాలని లేదు కూడా. మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ వాళ్లు కాంక్రీటుతో త్రికోణాల్లా, బావి వరల్లా దిమ్మెలు చేసి రీఫ్ కోసం దింపుతున్నారు. అందులో నూనె ఉండదు, ఆస్బెస్టాస్ ఉండదు. మత్స్యకారుల ఊళ్లని అడిగే చోటు చూస్తారు.

నీలి టోపీ (మల్కాపురం)

నేవీలో ఇంజిన్ రూం మనిషిని. నేను పనిచేసిన ఓడ పేరు రాయను. అందరిదీ వింటున్నాను. ఇప్పుడు నా బాధ వినండి.

ఓడ రిటైరయ్యే రోజు సూర్యాస్తమయానికి జెండా దించుతారు. నేను ఆ రోజు డెక్ మీదున్నాను. కిందికి దిగి ఇంజిన్‌కి దండం పెట్టుకుని వచ్చాను. ఆ తర్వాత ఆ ఓడ తుక్కుకి పోయింది. గ్యాస్ కట్టర్‌తో కోస్తారని అందరికీ తెలుసు. తెలియడం వేరు. 1971 యుద్ధంలో తూర్పు సముద్రాన్ని కాసిన విమానవాహక నౌక విక్రాంత్‌ని, ఏళ్ల తరబడి మ్యూజియంగా నిలిచినదాన్ని, 2014లో 60 కోట్లకి అమ్మి ముంబైలో ముక్కలు చేశారు. ఆ ఇనుము కొంత మోటార్‌సైకిల్ ట్యాంకుల్లో కలిసింది. సంతోషించినవాళ్లున్నారు. నాకు అన్నం సయించలేదు.

రివెట్టు గారూ, ఒడ్డెక్కించడమే మంచిదని మీరంటున్నారు. ఎన్ని ఎక్కిస్తారు? ఒక్క కురుసురకే ఏడాదిన్నర పట్టింది. మిగతావన్నీ కట్టర్ కిందికే. నాకు ఛాయిస్ ఇస్తే నా ఓడని సముద్రంలోకే పంపుతాను. పుట్టింది దానికోసమే. పిల్లలు వచ్చి చూసినా చూడకపోయినా, చేపలు ఆ ఇంజిన్ రూంలో తిరుగుతాయి కదా.

పాత రివెట్టు (గాజువాక)

సార్, మీ మాట చదివి ఇందాకటి నుంచి జవాబు రాయలేకపోయాను. నేను కట్టినవాణ్ణి, మీరు బతికినవారు. ఇద్దరి కళ్లూ ఒకటి కావు.

ఒక్క సంగతి మాత్రం పని తెలిసినవాడిగా చెప్తాను. ముంచే ముందు ఓడని చేసే పని కూడా కోతే. ఇంధనం ట్యాంకులు కడగాలి, పైపుల్లో నూనె కారిపోనివ్వాలి, వేడి గొట్టాలకి చుట్టిన ఆస్బెస్టాస్ విప్పాలి, కేబుళ్లు పీకాలి, సీసం కలిసిన రంగు గీకాలి. డైవరు ఇరుక్కోకుండా తలుపులు తీసెయ్యాలి, గోడలకి పెద్ద కంతలు కొయ్యాలి, వెలుగు రావాలి, బయటికి దారి కనబడాలి. ఆస్ట్రేలియాలో అడిలైడ్ అనే యుద్ధనౌకని ముంచబోతే తీరం జనం ఇదే అడిగి ట్రిబ్యునల్‌కెళ్లారు. ఇంకా వైర్లు తియ్యండి, రంగు తియ్యండి అని తీర్పొస్తే, అవన్నీ చేశాకే 2011 ఏప్రిల్‌లో ముంచారు. మీ ఇంజిన్ రూం మీరు వదిలి వచ్చినట్టు కిందికి వెళ్లదు. అది తెలిసి కూడా సరేనంటే, నేను ఎదురు చెప్పను.

తెన్నేటి పార్క్ వాకర్

2020 అక్టోబరులో వాయుగుండానికి ఎంవీ మా అనే బంగ్లాదేశ్ ఓడ మా పార్కు కింద రాళ్ల మీదకి ఎక్కేసింది, గుర్తుందా? రెస్టారెంటు చేస్తామన్నారు. నేను రోజూ పొద్దున్నే నడిచేది అక్కడే. ఏళ్ల తరబడి తుప్పు పట్టడమే చూశాను. ఓడ ఇస్తామంటే ఎగిరి గంతేసే ముందు, పదో ఏడు దాని ఖర్చు ఎవరు పెడతారో కాగితం మీద రాయించుకోండి. నీళ్ల కింద ఉన్నా అంతే. కట్టిన గుర్తు బోయా తుపానుకి తెగితే మళ్లీ ఎవరు కడతారు?

అలల లెక్క (ఏయూ క్యాంపస్)

తుపాను అన్నారు కాబట్టి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ సరిగ్గా మన ఊరి మీదే తీరం దాటింది. డెన్నిస్ ఒక ఓడని తిప్పేయగలిగింది, గుస్తావ్ ఒకదాన్ని కుంగదీసింది. మన అడుగున ఉన్నది చాలాచోట్ల ఇసక, బురద. ఎంత లోతు, ఎలాంటి అడుగు, ఎటు ముక్కు పెట్టి కూర్చోబెట్టాలి అన్నవి తేల్చకుండా ముంచితే, అది ఎక్కడికి చేరుతుందో సముద్రమే నిర్ణయిస్తుంది.

బీచ్‌రోడ్ టీచర్ (పాండురంగాపురం)

నీలి టోపీ గారూ, నమస్కారం. మీ పోస్టు మా స్టాఫ్ రూంలో చదివి వినిపించాను. మీరు ఒప్పుకుంటే ఒకరోజు మా పిల్లలతో మాట్లాడతారా? ఓడ లేకపోయినా ఫర్వాలేదండీ.

నీలి టోపీ (మల్కాపురం)

వస్తానమ్మా. 

ఇంకొక మాట చెప్పకుండా ఉండలేను. మన దగ్గర మునిగిన ఓడ ఇప్పటికే ఉంది. 1971 డిసెంబరు 3 రాత్రి దాటాక మునిగిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ. 90 మందికి పైగా మనుషులతో. మన నేవీ 2024లో తన రెస్క్యూ పరికరంతో అది ఉన్న చోటు గుర్తించి కూడా తాకలేదు. చనిపోయినవాళ్లకి గౌరవంగా అలాగే వదిలేసింది. శత్రువుదైనా సరే. ఆ నీళ్లలో విహారానికి ఇంకో ఓడ ముంచుతున్నామంటే, ఏది సమాధి, ఏది ఆటస్థలం అన్న గీత స్పష్టంగా ఉండాలి. డైవింగ్ నేర్పేవాళ్లు మొదటి పాఠంగా అది చెప్పాలి.

ఉప్పుగాలి (రుషికొండ)

చెప్తాను సార్. తప్పకుండా.

నిన్న సాయంత్రం పెదజాలారిపేట వెళ్లాను. రెండు గంటలు కూర్చున్నాను. కర్రతో ఇసక మీద గీసి చూపించారు పెద్దాయన, మూడు చోట్లు. "ఇక్కడైతే ఎవడి వలా పోదు, గాలం వేసేవోడికి పనికొస్తాది" అన్న చోటు ఒకటుంది. ఫొటో తీసుకున్నాను గానీ ఇక్కడ పెట్టను, అది వాళ్ల సొత్తు.

నా మాట కొంత మారింది. పేరున్న ఓడ, మనుషులకి జ్ఞాపకమున్న ఓడ దొరికితే ముందు ఒడ్డు కోసమే కొట్లాడాలి. ఎస్‌ఎస్ యునైటెడ్ స్టేట్స్ విషయంలో కూడా ముంచేవాళ్లే దాని పొగగొట్టాలు, కొన్ని భాగాలు ఒడ్డున మ్యూజియానికి దాస్తున్నారు. అంటే మొత్తం ముంచడం వాళ్లకీ మనసొప్పలేదు. పేరులేని బార్జో, పాత టగ్గో అయితే, పెద్దాయన చూపించిన చోట, అలల లెక్క మేడమ్ చెప్పిన పరీక్షలన్నీ అయ్యాక, అడగొచ్చు. ముందు కాంక్రీటు దిమ్మెలతో మొదలుపెట్టినా నాకు సంతోషమే.

నీలి టోపీ సార్ ఓడ లాంటిదైతే ఏం చేయాలో నాకిప్పటికీ తెలియడం లేదు.

పెదజాలారిపేట కుర్రోడు

అన్నా, నువ్వెళ్లేక అయ్య ఇంకో మాట చెప్పేడు. ఆ మూడు గుర్తుల్లో నడిమిది ఉంది చూడు, అక్కడ మా తాత కాలం నుంచీ వల పట్టీస్తాది. రాయి అనుకుంటాం. ఒకసారి గాలానికి ఇనప ముక్క తుప్పుది తగులుకుని పైకొచ్చిందట, అరచెయ్యంత. అది రాయి కాదు ఓడే అంటాడు. వేట నిషేధం ఎత్తేసేక, నీళ్లు బాగున్న రోజు చూసి మన బోటులో తీసుకెళ్తానన్నాడు. లోతు 20 బారలు ఉండదట. నువ్వు దిగి చూడగలవా?

ఉప్పుగాలి (రుషికొండ)

దిగుతాను. ముందు కోస్ట్ గార్డుకి చెప్పి, ఆ చోటు నేవీ హద్దులో లేదని తేల్చుకుని వెళ్దాం. లోపలికి దూరను, బయటి నుంచే చూస్తాను. మనుషుల ఆనవాళ్లు ఏవైనా కనిపిస్తే ఏమీ తాకకుండా పైకొచ్చేస్తాను.

పాత రివెట్టు (గాజువాక)

నన్నూ తీసుకెళ్లండి. నేను బోటులోనే కూర్చుంటాను. బాబూ, కింద రేకు కనిపిస్తే చేత్తో నాచు కొంచెం తుడిచి అతుకు చూడు. వరసగా బొడిపెలుంటే రివెట్లు, పాత కాలందన్నమాట. సన్నటి గీతలా ఉంటే వెల్డింగు, తర్వాతి కాలంది. బొడిపెకీ బొడిపెకీ మధ్య ఎన్ని వేళ్లు పడతాయో కొలిచి గుర్తుపెట్టుకునిరా.